రమ్మంటే రాని క్రాంకు

మొదటి అంకంలో రసం లేదు కాబట్టి గబగబా చెప్పేస్తాను. నా సైకిలుకు ఎడమ క్రాంకు వదులైంది. పెడల్‌ను ఇరుసుకు కలిపే జానెడు కడ్డీ అది. తొక్కినప్పుడల్లా ‘టక్’ మనేది. బిగించాను, వదులైంది. మళ్లీ బిగించాను, మళ్లీ వదులైంది. తిరువాన్మియూరులో సముద్రానికి కూతవేటు దూరంలో కాపురం. మా ఇంట్లో ఫ్రిజ్ కాళ్ల నుంచి కిటికీ ఊచల దాకా ఉప్పుగాలి ముట్టని వస్తువు లేదు. ఇదీ ఆ ఖాతాలోదేనని సరిపెట్టుకున్నాను.

ఇరుసు ఉక్కు, క్రాంకు అల్యూమినియం. ఇరుసు కొస నాలుగు పలకలుగా ఉంటుంది. ఒక్కో పలకా 2 డిగ్రీల వాలుతో చివరికి సన్నబడుతుంది. క్రాంకులో దానికి సరిపడే నలుచదరపు రంధ్రం ఉంటుంది. బోల్టు బిగించేకొద్దీ క్రాంకు ఆ వాలు ఎక్కి పట్టేసుకుంటుంది. ఏర్పాటు ముచ్చటైనదే. అయితే కాస్త వదులుగా ఉన్నప్పుడు తొక్కితే ఉక్కు అంచులు అల్యూమినియాన్ని నమిలేస్తాయి, చదరం కాస్తా గుండ్రంగా తేలుతుంది. ఆ తరవాత భీముడొచ్చి బిగించినా నాలుగు వీధులు దాటేసరికి మళ్లీ టక్కే. మార్చడం తప్ప దారి లేదు.

మార్పించడానికి ఒక పెద్ద షోరూముకు వెళ్లాను. అద్దాల తలుపులు, చల్లటి గాలి, ఉచితంగా కాఫీ ఇచ్చే యంత్రం. సైకిలు పట్టుకుని నిలబడితే ముందు ఫోను నంబరు అడిగారు. తరవాత ఈమెయిలు. తరవాత పుట్టినరోజు. క్రాంకుకూ నా పుట్టినరోజుకూ సంబంధం ఏమిటని అడిగితే, అది నింపకపోతే కంప్యూటర్ ముందుకు జరగదన్నారు. నింపాక కంప్యూటర్ చెప్పింది ఏమిటంటే, ఎడమ క్రాంకు విడిగా రాదు. కుడి క్రాంకు, దానికి రివెట్లతో అతుక్కున్న మూడు చక్రాలు, ఎడమ క్రాంకు, అన్నీ కలిసి సెట్టుగానే వస్తాయి. ఎడమ చెప్పు తెగితే కుడి చెప్పు కూడా కొనక తప్పదు కదా అని నేనే వాళ్ల తరఫున వాదించుకుని సరేనన్నాను. క్రాంకు మార్చడం మామూలు సర్వీసులో రాదట. ప్రీమియంలో వస్తుందట. ప్రీమియం స్లాటు గురువారం ఉందట.

“పోనీ, వచ్చారు కాబట్టి ఒకసారి చూస్తాం సార్” అంటూ ఏప్రన్ కట్టుకున్న కుర్రవాణ్ణి పిలిచారు. ఆ ఒక్కసారి చూడకుండా ఉంటే ఎంత బాగుండేదో!

క్రాంకును లాగడానికి ఎక్స్‌ట్రాక్టర్ అని చేతిలో ఇమిడే పనిముట్టు ఉంది. ఇందులో దాచవలసిన విద్య ఏమీ లేదు. బోల్టు తీస్తే క్రాంకు లోపల 22 మిల్లీమీటర్ల వ్యాసంతో, 1 మిల్లీమీటరు ఎడంతో సన్నటి మరలు కనిపిస్తాయి. ఎక్స్‌ట్రాక్టర్‌ను చేత్తోనే నిదానంగా, అడుగు తగిలేదాకా ఆ మరల్లోకి ఎక్కించాలి. అన్ని మరలూ పట్టాకే నడిమి కడ్డీని పానాతో తిప్పాలి. కడ్డీ ఇరుసును నెడుతుంది, క్రాంకు బయటికి వస్తుంది. కుర్రవాడు రెండు చుట్లు తిప్పి, మూడోది కాస్త బిగువుగా ఉన్నట్టు తోచిందేమో, అక్కడే ఆపి మూరెడు పానా తగిలించాడు. నేను నోరు తెరిచేలోపు ‘గిర్ర్’ మని ఒక శబ్దం. ఎక్స్‌ట్రాక్టర్ అతని చేతికి వచ్చేసింది. దాని కొసన వెండితీగ చుట్ట ఒకటి మెరుస్తూ వేలాడుతోంది. అది నా క్రాంకు మర. లోపల ఉండవలసిన మెట్లన్నీ స్ప్రింగులా చుట్టుకుని ఒక్క ముక్కగా బయటికి వచ్చేశాయి. కుర్రవాడు దాన్ని వెలుతురులో పెట్టి కాసేపు చూశాడు. పాత గుడ్డతో ఎక్స్‌ట్రాక్టర్‌ను శుభ్రంగా తుడిచాడు. తీగ చుట్టను ఏప్రన్ జేబులో వేసుకున్నాడు. అప్పుడు నావైపు తిరిగి, “థ్రెడ్డు ముందే పోయింది సార్” అన్నాడు.

సాక్ష్యం జేబులో ఉంది. నేనేం మాట్లాడగలను?

సలహా మాత్రం ఉచితంగానే ఇచ్చారు. “బోల్టు పెట్టకుండా కొన్నాళ్లు తొక్కండి సార్. అదే ఊడి పడిపోతుంది. అప్పుడు తీసుకొస్తే సెట్టు వేసేస్తాం.” ఈ మాట చెప్పినందుకు పరిశీలన రుసుము కింద ఒక రసీదు చేతిలో పెట్టారు. చిత్రం ఏమిటంటే ఆ సలహా తప్పు కాదు. మర పోయిన క్రాంకుకు లోకమంతా చెప్పే చిట్కా అదే. సర్వీసు చేయించుకోవడానికి వచ్చిన మనిషినే సర్వీసు చేయమని ఇంటికి పంపడం మాత్రం వీళ్ల సొంత కవిత్వం.

ఇంట్లో మా మామగారు ఉన్నారు. నెల్లూరు నుంచి కంటి శుక్లాల ఆపరేషన్ కోసం వచ్చారు. ఆపరేషన్ అయింది, చుక్కల మందు అయింది, నల్ల కళ్లద్దాల అవసరమూ తీరింది. మద్రాసు గాలి పడిందని ఉండిపోయారు. కొత్త కంటిచూపుకు తగిన పని దొరక్క అల్లాడుతున్న మనిషి ముందు నేను విరిగీ విరగని సైకిలును తెచ్చి నిలబెట్టాను.

“మా హెర్క్యులస్‌కు ఈ బాధ లేదు అల్లుడుగారూ” అని మొదలుపెట్టారు. “కాటర్ పిన్ను ఉండేది. నట్టు విప్పి సుత్తితో రెండు పోట్లు పొడిస్తే పిన్ను అవతల, క్రాంకు ఇవతల.” అక్కడి నుంచి అంబత్తూరుకు వెళ్లారు. 1949లో అక్కడ సైకిళ్ల ఫ్యాక్టరీ పెట్టారనీ, ఈ ఊళ్లో పుట్టిన సైకిళ్లను ఈ ఊళ్లోనే విప్పలేకపోవడం సిగ్గుచేటనీ అన్నారు. నా సైకిలు ఈ ఊళ్లో పుట్టలేదని చెప్పే సందు దొరకలేదు, ఎందుకంటే ఆయన అప్పటికే బర్మింగ్‌హామ్ చేరుకున్నారు. బీఎస్ఏ అంటే 1861లో తుపాకుల కోసం పెట్టిన కంపెనీ అట. మన సైకిళ్లలో ఇరుసు కూర్చునే కప్పుల మరను ఇప్పటికీ బీఎస్ఏ మర అనే పిలుస్తారట. 1.37 అంగుళాల వ్యాసం, అంగుళానికి 24 చుట్లు. “అందులో ఒక మెలిక ఉంది అల్లుడుగారూ. ఎడమ కప్పుది మామూలు మరే. కుడి కప్పుది మాత్రం ఎడమ మర. ఊడదీయాలంటే గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలి. పెడల్ దగ్గర దీనికి తిరకాసు. ఎడమ పెడల్‌ది ఎడమ మర. తొక్కుతుంటే వాటంతటవి విప్పుకోకుండా ఆ ఏర్పాటు. తెలియనివాడు బిగించి చంపుతాడు.”

ఇంత తెలిసిన మనిషి చేతికి సుత్తి ఇవ్వకుండా ఎలా ఉంటాం? చెక్కముక్క అడ్డుపెట్టి కొట్టారు. ఉక్కు కన్నా అల్యూమినియం దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుందని నేను మరిగే నీళ్లు పోశాను. మా ఆవిడ కొబ్బరినూనె పోసింది. కింది వాటా వాళ్లు వచ్చి ఏమైందని అడిగారు. క్రాంకు ఉలకలేదు, పలకలేదు. నెలల తరబడి బిగించినా నిలవని క్రాంకు, బోల్టు తీసి పొమ్మంటే అక్కడే పాతుకుపోయింది.

మామగారు చెమట తుడుచుకుంటూ, “సంక్రాంతికి వచ్చిన అల్లుడిలా కదలదేమిటండీ ఇది!” అన్నారు.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. ఆయన సుత్తిని మెల్లగా కింద పెట్టి, టీవీలో వార్తలు వచ్చే వేళైందని లోపలికి వెళ్లారు.

కాబట్టి తొక్కడమే మిగిలింది. జనం సైకిలు ఎందుకు తొక్కుతారు? ఎక్కడికైనా పోవడానికి, లేకపోతే పొట్ట తగ్గడానికి. నేను మాత్రం సైకిలు విరగడానికి తొక్కుతున్నాను. పొద్దున్నే బయలుదేరి బీసెంట్ నగర్‌లో ఎలియట్స్ బీచ్ రోడ్డు మీద అటూ ఇటూ తిరిగేవాణ్ణి. తీరంలో తెల్లగా ఒక కట్టడం కనిపిస్తుంది కదా, 1930లో ఎవరినో కాపాడబోయి మునిగిపోయిన ష్మిట్ అనే నావికుడి స్మారకం. దాని ఎదురుగా ఒక మలుపు, గుడివైపు ఇంకో మలుపు. ప్రతి స్పీడ్‌బ్రేకరునూ వెతుక్కుంటూ వెళ్లి ఎక్కించాను. తవ్వి సగం పూడ్చిన ప్రతి గోతిలోనూ దింపాను. ఈ రోడ్ల మీద ఆటోలో వెళ్తే పళ్లలో సిమెంటు కూడా ఊడుతుంది. క్రాంకు మాత్రం ఊడలేదు. పెడల్ మీద నిలబడి తొక్కాను, ఎడమ కాలితో బయటికి తన్నుతూ తొక్కాను. వాకింగ్‌కు వచ్చే పెద్దమనిషి ఒకాయన ఆపి, నా తొక్కుడు తీరు బాగా లేదనీ, ఇలాగైతే మోకాలు పోతుందనీ ఆప్యాయంగా హెచ్చరించారు. క్రాంకు ఊడటం కోసం తొక్కుతున్నానని చెప్పాను. ఆయన మర్నాటి నుంచి అవతలి వైపు ఫుట్‌పాత్ మీద నడవడం మొదలుపెట్టారు.

ఇక్కడ నా బూట్ల గురించి ఒక మాట చెప్పాలి. నా పెడల్‌కు కొక్కెం ఉంటుంది. బూటు అడుగున క్లీటు అనే లోహపు బిళ్ల ఉంటుంది. కాలు మోపి నొక్కితే ‘క్లిక్’ మని రెండూ పెనవేసుకుంటాయి. విడిపించుకోవాలంటే మడమను బయటికి తిప్పాలి. అలా తిప్పినప్పుడు పెడల్ కదలకుండా నిలబడాలి. పెడల్‌ను క్రాంకు పట్టుకుంటుంది, క్రాంకును ఇరుసు పట్టుకుంటుంది. ఈ పట్టుకోవడాల మీదే మనిషి నేల మీదికి దిగడం ఆధారపడి ఉంది.

ఆ రోజు విసిగిపోయాను. ఇక ఇది నాతోనే కాటికి వస్తుందని తీర్మానించుకుని, లేత కొబ్బరినీళ్లు తాగుదామని బండి దగ్గర నెమ్మదించాను. గొయ్యి లేదు, గతుకు లేదు, నున్నటి రోడ్డు. ఆగి ఎడమ మడమను బయటికి తిప్పాను. గుండ్రంగా అరిగిన ఆ రంధ్రం ఇరుసు మీది నుంచి మెత్తగా, ఏ శబ్దమూ లేకుండా జారి వచ్చేసింది. కాలు నేల మీద పెట్టాను. కాలితోపాటు పెడల్, పెడల్‌తోపాటు క్రాంకు. అంటే ఎక్స్‌ట్రాక్టర్‌కు లొంగనిది, సుత్తికి లొంగనిది, మరిగే నీళ్లకు లొంగనిది నా మడమకు లొంగింది. పోయి ఎక్కడైనా పడిందా అంటే అదీ లేదు. నన్నే పట్టుకుని కూర్చుంది.

ఆ భంగిమను కాస్త ఊహించండి. కుడి కాలు సైకిలు అవతల, ఇంకా కొక్కెంలోనే. సైకిలు నా తొడల మధ్య వాలుతోంది. ఎడమ పాదం పెడల్ మీద, పెడల్ నేల మీద, అందువల్ల ఆ కాలు ఈ కాలి కన్నా రెండంగుళాలు పొడవు. బూటు పక్కన క్రాంకు వేళ్లవైపు సూటిగా పొడుచుకుని ఉంది. అడుగు కదిపితే అది గిర్రున తిరిగి మడమవైపు చూపిస్తోంది. ఇంకో అడుగు వేస్తే ‘ఠంగ్’ మని రోడ్డుకు కొట్టుకుని ఆకాశం వైపు లేస్తోంది. మడమ తిప్పి విడిపించుకుందామా అంటే పెడల్‌ను పట్టి ఉంచేది ఏదీ లేదు. నేను తిప్పితే అదీ తిరుగుతోంది. వంగి చేత్తో పట్టుకుందామా అంటే సైకిలు పడుతోంది. సైకిలును పట్టుకుంటే క్రాంకు అందదు. కొబ్బరిబోండాల బండి కొయ్యను ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో మామగారికి ఫోను చేశాను. “ఊడింది మామగారూ. ఊడింది కానీ కాలికి ఉంది” అన్నాను. ఆయన కంటికి చేసిన ఆపరేషన్ చెవికి కూడా చేయించి ఉంటే బాగుండేది. “కాలికి దెబ్బా? ఎంత లోతు?” అని అడుగుతున్నారు.

ఈ తెలుగు సంభాషణ విని నడుస్తున్న పెద్దావిడ ఒకరు ఆగారు. తెల్ల కాన్వాసు బూట్లు, జరీ అంచు చీర, చేతిలో గుడి ప్రసాదం. నా పాదాన్ని పైనుంచి కిందికి, కింది నుంచి పైకి చూసి, “అయ్యో, తెలుగువాళ్లా నాయనా! ఎన్నాళ్లయింది ఇలా?” అన్నారు.

“ఇప్పుడేనండీ.”

“మా తోడికోడలి కొడుక్కీ ఇలాగే కాలికి రాడ్డు వేశారు. బైటికి వేశారు, ఇలాగే కనిపించేది. పాపం ఏడాదంతా కుంటుతూనే తిరిగాడు. ఇప్పుడు భేషుగ్గా ఉన్నాడు, బెంగపడకు. నీది ఎప్పుడు తీస్తామన్నారు?”

నేను నిజం చెప్పే స్థితిలో లేను. చెబితే క్రాంకు అంటే ఏమిటో, ఇరుసు అంటే ఏమిటో, బర్మింగ్‌హామ్ దాకా వెళ్లాలి. “గురువారం అన్నారండీ” అన్నాను.

“మంచి రోజు. సాయిబాబా చూసుకుంటాడు” అని పులిహోర పొట్లం నా చేతిలో పెట్టి, వెళ్తూ వెళ్తూ, “ఇంత కాలితో సైకిలు తొక్కుతున్నావు చూడు, అదీ ధైర్యం” అని అక్కడున్న అందరికీ వినబడేలా మెచ్చుకున్నారు. అక్కడున్న అందరూ నన్ను చూశారు. ఒకాయన చప్పట్లు కూడా కొట్టబోయాడు. అవతలి ఫుట్‌పాత్ మీద పాత పెద్దమనిషి ఆగి, తన జోస్యం ఫలించిన తీరును తృప్తిగా చూసుకుంటున్నారు.

కొబ్బరిబోండాల అన్న ఒక్కడే ఈ వ్యవహారాన్ని యంత్రశాస్త్రంగా చూశాడు. బండి దిగి వచ్చి, గొంతుక్కూర్చుని, క్రాంకును ఎడమచేత్తో గట్టిగా అదిమి పట్టుకున్నాడు. ఇన్నేళ్ల వృత్తి కాబట్టి, ఎడమచేతిలోకి ఏదైనా వస్తువు రాగానే కుడిచేతిలో కత్తి దానంతటదే లేచింది. నేను కెవ్వుమన్నాను. అతను కత్తిని చూసుకుని, నన్ను చూసి, “వెనకవైపుతో ఒక్కటి వేయనా సార్?” అని మర్యాదగా అడిగాడు. వద్దన్నాను. కత్తి కింద పెట్టి రెండు చేతులతో పట్టుకున్నాడు. మడమ తిప్పాను. క్లిక్. షోరూములో ఇంత పెద్ద పనిముట్ల గోడ ఉంది. అన్నకు ఉన్నది రెండు చేతులు. బోండం డబ్బులు తప్ప ఇంకేమీ తీసుకోలేదు, పుట్టినరోజు కూడా అడగలేదు.

ఇంటికి ఎలా వచ్చాననేది అప్రస్తుతం.

గురువారం ప్రీమియం స్లాటుకు మామగారు కూడా వస్తానన్నారు. కాఫీ యంత్రం సంగతి నేను చెప్పి ఉన్నాను. ఊడిన క్రాంకును బల్ల మీద పెట్టాను. కంప్యూటర్ ముందున్న అతను దాన్ని చూసి, “ఇది మీరే తీశారా సార్? బయట తీయిస్తే మా బాధ్యత ఉండదు” అన్నాడు. కుడి క్రాంకు మరలు బాగానే ఉన్నాయి కాబట్టి ఏ గొడవా లేకుండా వచ్చేసింది. కొత్త సెట్టు డబ్బా విప్పారు. పాత ఇరుసు పొడవు 122.5 మిల్లీమీటర్లు, కొత్త సెట్టు అడిగేది 113. ఇరుసు కూడా మార్చాలట. అది ప్రీమియంలో రాదట. దానికి వేరే ప్యాకేజీ ఉందట. పోయినసారి నా పుట్టినరోజు కనుక్కున్నవాళ్లకు నా ఇరుసు పొడవు కనుక్కోవాలని ఎందుకు తోచలేదని అడిగాను. ఆ వివరానికి కంప్యూటర్‌లో గడి లేదన్నారు.

ఏప్రన్ కుర్రవాడు పళ్లున్న టూలును కుడివైపు కప్పులో కూర్చోబెట్టి, దానికి అదే మూరెడు పానా తగిలించి, ఎడమవైపుకు తిప్పడం మొదలుపెట్టాడు.

మామగారు కాఫీ కప్పు కింద పెట్టి లేచారు. “బాబూ, అది ఎడమ మర. ఊడాలంటే ఇటు తిప్పాలి.”

“రోజూ చేసే పనే సార్, మీరు కూర్చోండి” అంటూ ఆ కుర్రవాడు, పట్టు చాలడం లేదని పానా కొసకు ఒక పొడుగాటి ఇనుప గొట్టం తొడిగాడు.